ఎవరూ బయటికి పోని రోజు

మా ఈరమ్మ వదినె జుట్టు గురించి మా బస్తీలో ఇప్పటికీ తలా ఒక కథ చెప్తారు. ఎల్లమ్మ పట్టి వదిలిందని ఒకరంటే, పిచ్చి లేచి తనే కోసుకుందని ఇంకొకరంటారు. అన్నీ ఒట్టి మాటలు. అరవై తొమ్మిది ఎండాకాలంలో ఆ ఇంట్లో ఉన్నదాన్ని నేను. అందరినీ అడుగుతారు గానీ నన్నడగరు. నా నోరు మంచిది కాదట. మంచిది కాకపోతే మానె, అబద్ధం మాత్రం ఆడదు.

మా నాయిన గట్టయ్య యూనివర్సిటీలో మాలి. తార్నాక నుంచి లాలాపేటకు పోయే దారిలో మాది రేకుల ఇల్లు. అమ్మను మేము అవ్వ అనేవాళ్ళం. పేరు లింగమ్మ. నల్లా దగ్గర ఆమె బిందె పెట్టిందంటే ఇంకెవరూ ముందుకు వచ్చేవాళ్ళు కాదు. మా అన్న రాజలింగు ప్రెస్సులో అక్షరాలు పేర్చే పని చేసేవాడు. పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు. భువనగిరి దిక్కు పల్లె నుంచి తెచ్చుకున్నాం వదినెను.

ఆమె వచ్చిన నాడు బస్తీ ఆడవాళ్ళు ముఖం సంగతి మరిచి జడ వంకే చూశారు. పిక్కల దాకా ఉండేది. “ఏం రాస్తవ్ బిడ్డా నెత్తికి?” అని అడిగితే వదినె సిగ్గుపడి, “ఏం లేదు, నువ్వుల నూనె, కుంకుడుకాయ” అనేది. ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. ఏదో మందు దాస్తుందనుకునేవాళ్ళు. నిజంగా అంతే. కుంకుడుకాయలు కొట్టి, గింజ తీసేసి, పెంకులు వేడినీళ్ళలో నానబెట్టి, చేత్తో పిసికి రసం తీసేది. అందులో నూరిన మందారాకు కలిపేది. అది వేస్తే జుట్టు జారుడుగా అయి చిక్కు దానంతటదే వదులుతుంది. తడి తల మీద దువ్వెన పెట్టనిచ్చేది కాదు. “తడి వెంట్రుక పసిపిల్ల లెక్క, గుంజితే తెగుతది” అని వేళ్ళతోనే విడదీసేది. సాంబ్రాణి పొగ మీద ఆరబెట్టి, ఆ తర్వాతే దువ్వెన. నాది పిడికెడు జుట్టు. దానికి కూడా అంత సేవ చేసేది. ఆమె చేతిలో తల పెట్టి కూర్చుంటే నాకు నిద్ర వచ్చేది.

ఆ ఏడు చలికాలంలోనే మొదలైంది తెలంగాణ లొల్లి. కాలేజీలు బందు, బస్సులు బందు, ఊరేగింపులు, లాఠీలు. ప్రెస్సు పని నడిస్తే నడిచింది, లేకపోతే లేదు. పని లేని రోజు అన్న ఊరేగింపులో ఉండేవాడు. అవ్వ తిట్టేది, అన్న నవ్వేవాడు. అంతకు మించి ఇంట్లో ఆ ముచ్చట లేదు.

ఎండలు ముదరక ముందు ఒక శుక్రవారం. చాలా రోజుల తర్వాత నల్లా నిండుగా వచ్చింది. అవ్వకు ఆ రోజు కోడలి మీద ప్రేమ పొంగింది. “ఎప్పుడు అందరికి నువ్వే పోస్తవ్, ఇయ్యాల నేను పోస్తా కూసో” అని వదినెను పెరట్లో బండ మీద కూర్చోబెట్టింది. తల నిండా నురుగు. అంత జుట్టును రుద్దలేక అవ్వ వగరుస్తూ, “గిదేం జుట్టే, గొర్రెల మంద” అంటోంది. వదినె కళ్ళు గట్టిగా మూసుకుని నవ్వుతోంది.

అన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ పెరట్లోకి వచ్చాడు.

“అవ్వా, గిట్ల సికింద్రాబాద్ దాక పోయొస్తా.”

“గీ లొల్లిల ఏడికిరా?”

“గంటల వస్తనే. ఈరీ, కండ్లు తెరవకు, రసం పడ్తది.”

అంతే. వాకిలి తలుపు చప్పుడైంది.

మా ఇళ్ళలో ఒక పట్టింపు ఉంది. ఇంట్లోంచి ఒకరు ప్రయాణమై గడప దాటాక, వాళ్ళు చేరేదాకా వెనక ఉన్నవాళ్ళు తలకు పోసుకోకూడదు. మనిషిని సాగనంపి వచ్చి తలకు పోసుకునేది చావుకే కాబట్టి.

వదినె కళ్ళు మూసుకునే అడిగింది. “అత్తా, ఆయన బయటికి పోయిండు గద. ఇగ ఆపుదమా?”

“నురుగు నెత్తి మీద పెట్టుకొని పొద్దుందాక కూసుంటవా? గంటల వచ్చెటోనికి పట్టింపేంది, అదేమన్న ఊరు ప్రయాణమా?” అంది అవ్వ. అని, బిందె ఎత్తి పోసింది.

నేను అక్కడే ఉన్నాను. సాంబ్రాణికి నిప్పులు రాజేస్తున్నాను.

గంటలో వస్తానన్న మనిషి సాయంత్రానికీ రాలేదు. సికింద్రాబాద్‌లో కాల్పులు జరిగాయన్న కబురు ముందు వచ్చింది. కర్ఫ్యూ పెట్టారన్న కబురు తర్వాత వచ్చింది. మర్నాడు నాయిన దవాఖానకు పోయాడు. అన్నను చూశాడు. ఇంటికి తెచ్చుకోనియ్యలేదు. అటు నుంచి అటే కాటికి తీసుకుపోయి కాల్చారు. నాయిన ఒక్కడే తిరిగి వచ్చి, చెప్పులు విడవకుండా వాకిట్లో నిలబడ్డాడు. “అయిపోయింది” అన్నాడు. ఆడవాళ్ళం ఎవరం చూడలేదు. ముఖం చూడలేదు, కాళ్ళు కడగలేదు, పక్కన కూర్చుని ఏడవలేదు. మా వరకు అన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి పోయాడు, అంతే.

అవ్వ ఆ మాటకు ఏడవలేదు. చుట్టూ చూసి చూసి ఆమె కళ్ళు వదినె జడ మీద ఆగాయి. ఇంకా సాంబ్రాణి వాసన పోలేదు దానికి.

“మొగడు గడప దాటంగనే నెత్తి మీద నీళ్ళు పోసుకుంటివి గదనే! ఆ నీళ్ళే మింగినయ్ నా కొడుకుని.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “పోసింది నువ్వే గదనే! వదినె ఆపుమన్నది, నువ్వే పోసినవ్!” అని అరిచాను.

అవ్వ నన్ను కొట్టిన దెబ్బకు చెవి గుయ్యిమంది. మళ్ళీ ఎత్తిన చెయ్యిని వదినె పట్టుకుంది.

“కొట్టకు అత్తా. పిల్లనేమనకు. నా నెత్తే అసొంటిది.”

ఆ రోజు నుంచి ఆమె తల మీద చుక్క నీరు పడనివ్వలేదు. అన్న దినాలు చేసినప్పుడు ఆడవాళ్ళు పట్టుకుని పోయబోతే, బాయిలో దూకుతానని ఉరికింది. భయపడి మెడ కింద నుంచి పోసి ఊరుకున్నారు. గాజులు తీస్తే తీయించుకుంది, బొట్టు చెరిపితే చెరిపించుకుంది. తల మాత్రం ముట్టనియ్యలేదు.

ఒక జుట్టు ఎంత తొందరగా పాడవుతుందో చూస్తే గాని తెలియదు. నూనె లేదు, నీళ్ళు లేవు, దువ్వెన లేదు. ఎండాకాలపు చెమట, పొయ్యి పొగ, తార్నాక రోడ్డు దుమ్ము. ముందు పాయలు అతుక్కున్నాయి. తర్వాత మెడ వెనక పిడకలా గట్టిపడింది. పక్కన పడుకుంటే వాసన వచ్చేది. నేను అటు తిరిగి పడుకునేదాన్ని కాదు. ఇటే తిరిగి, ఆమె నిద్రపోయిందనుకుని వేళ్ళు పెట్టేదాన్ని. ఆమె మేల్కొనే ఉండేది. చెయ్యి తీసేసేది.

“ఎందుకు వదినె గిట్ల చేస్తున్నవ్? పేన్లు పడ్డయ్.”

“మామ తోటకు పోయిండు గద. బయట మనిషి ఉండంగ ఎట్ల పోసుకుంట?”

“వచ్చినంక పోసుకో.”

“అప్పటికి అత్త నల్లా కాడికి పోతది. నువ్వు దుకాన్లకు పోతవ్. ఎవరో ఒకరు బయటనే ఉంటరు గద. నేను పోసుకుంటే ఇంకొకరు పోతరు.”

నేను ఎంత వాదించినా ఇక్కడికే వచ్చి ఆగేది. ఆ కాలంలో బయటికి పోయినవాళ్ళు తిరిగి వస్తారన్న గ్యారంటీ ఏ ఇంట్లోనూ లేదు. ఆమెను మూర్ఖురాలు అనడానికి కూడా నోరు రాలేదు.

మా పక్కింటి బుచ్చవ్వ ఒకరోజు వచ్చి, వదినె వెనక కూర్చుని, ఆ గట్టిపడ్డ జుట్టును చేత్తో తడిమి, కళ్ళకు అద్దుకుంది. బుచ్చవ్వ చెడ్డది కాదు. ఎవరింట్లో జ్వరం వచ్చినా గంజి పట్టుకొచ్చే మనిషి. ఆ మంచితనంతోనే మా కొంప ముంచబోయింది.

“లింగమ్మా, గివి చిక్కులు గావు. జడలు. ఎల్లమ్మ తల్లి వచ్చి కూసున్నది. కత్తెర పెట్టకున్రి, కండ్లు పోతయ్. బోనాలకు బండారి పసుపు ఏసి తల్లికి విడువున్రి. ఆమెకు గూడ ఒక దారి అయితది.”

ఎల్లమ్మకు విడవడమంటే ఏమిటో మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. పసుపు పూసి, గవ్వల దండ వేసి, చేతికి బుట్ట ఇస్తారు. ఇల్లిల్లూ తిరిగి జోగు అడుక్కోవాలి. ఆ తర్వాత ఆమె ఎవరి కోడలూ కాదు, ఎవరి బిడ్డా కాదు. ఏ మగాడు తలుపు కొట్టినా కాదనే హక్కు ఉండదు. వదినెకు అప్పటికి ఇరవై ఏళ్ళు లేవు.

అవ్వ చీర చెంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆమె ముఖంలో నేను చూసింది చెప్పనా? ఊపిరి ఆడినట్టయింది ఆమెకు. దేవత చేసిందైతే ఇక మనుషులు చేసిందేమీ లేదు. పోసిన చెయ్యి కూడా లేదు. “తల్లి దయ” అంది. నాకు ఆ క్షణాన కన్నతల్లి మీద అసహ్యం వేసింది. వేసింది, దాచుకోవడమెందుకు?

“నాయినా, నువ్వన్న చెప్పు” అని పోరాను. కొడుకు పోయాక ఆయన మాటలు మానేశాడు. కాలేజీ మూసి ఉన్నా, పిల్లలు లేకపోయినా, పొద్దున్నే పోయి చెట్లకు నీళ్ళు పెట్టి వచ్చేవాడు.

నేను ఆయన వెంట పోయాను. ఆ పెద్ద రాతి బంగళాల ముందు విద్యార్థులు ఉండాల్సిన చోట పోలీసు లారీలు నిలబడి ఉన్నాయి. ఆడపిల్లల హాస్టల్‌కు తాళం. దాని గోడ వెంట మందార చెట్లు నాయిన పెంచినవే. పూలు పూసి, కోసేవాళ్ళు లేక చెట్టు మీదే వాడి ఉన్నాయి. నేను లేత ఆకు ఒళ్ళో తుంపుకుంటుంటే ఒక జవాను వచ్చాడు.

“ఏయ్, ఒళ్ళె ఏమున్నయ్? రాళ్ళా?”

ఒడి తెరిచి చూపించాను. “ఆకులు.”

“ఎందుకు?”

“నెత్తికి. మా వదినె నెత్తికి. మా అన్నను కాల్చి చంపిన్రు. అప్పటి సంది ఆమె నెత్తికి పోసుకుంటలేదు. ఇగ రాసుకో, ఆకులు దెంపిందని కేసు రాసుకో.”

నాయిన నా రెక్క పట్టి వెనక్కి గుంజాడు. జవాను నా వంక చూశాడు. ఎక్కడివాడో, నా ఈడు చెల్లెలు ఉండే ఉంటుంది. “తీస్కపో, జెల్ది పో” అని పక్కకు తిరిగాడు.

తిరిగి వస్తుంటే దారిలో నాయిన ఆగాడు. “పిల్లా” అన్నాడు. చాలా రోజులకు విన్నాను ఆ గొంతు. “రేపు మల్ల కర్ఫ్యూ పెడ్తరంట. పొద్దంత. ఎవరు ఇల్లు కదలొద్దంట.”

నాకు ముందు వెలగలేదు. తర్వాత ఉరికినంత పని చేశాను.

దారిలో కుంకుడుకాయలు కొన్నాను. ఇంటికి పోయి నానబెట్టాను. వదినె చూస్తూనే ఉంది. పడుకునే ముందు నువ్వుల నూనె వెచ్చజేసి ఆమె వెనక కూర్చున్నాను. “నూనె నీళ్ళు గాదు గద” అన్నాను. ఆమె ఆలోచించింది. పట్టింపు నీళ్ళకే, నూనెకు లేదు. ఊరుకుంది. ఆ గడ్డలోకి నూనె దిగేదాకా పట్టించాను. చేతులు నొప్పి పుట్టాయి.

తెల్లారి లౌడ్‌స్పీకర్ పెట్టుకుని జీపు పోయింది. ఎవరూ బయటికి రావద్దు. బస్తీ అంతా తలుపులు వేసుకుంది. నేను మందారాకు నూరి, కుంకుడు రసం వడకట్టి, నీళ్ళు గోరువెచ్చగా చేసి, పెరట్లో బండ మీద చెంబు పెట్టాను.

“వదినె, రా. ఇయ్యాల ఎవరు బయటికి పోలే. పోదమన్నా పోనియ్యరు.”

ఆమె లేచింది. పెరటి గుమ్మం దాకా వచ్చి ఆగింది.

“మామ?”

“అగో, మంచం మీద.”

“అత్త?”

“పొయ్యి కాడ.”

“నువ్వు?”

“నేనేమన్న దయ్యాన్నా, నీ ముంగటనే ఉన్న గద!”

ఆమె నవ్వుతుందనుకున్నాను. ఆమె నా కళ్ళలోకి చూసింది.

“మరి ఆయన?”

నా నోరు పడిపోయింది. బస్తీలో ఎవరికీ తగ్గని నోరు, ఆ మాటకు పడిపోయింది. నాయిన గోడ వైపు తిరిగాడు. ఒలకని చెంబు వంక చూస్తూ నేను నిలబడిపోయాను. అంతా అయిపోయిందనుకున్నాను. బోనాలు వస్తాయి, బండారి వేస్తారు, గవ్వల దండ వేస్తారు.

పొయ్యి దగ్గర నుంచి అవ్వ లేచి వచ్చింది.

“వాడు పోయిండు” అంది.

“పోయినోళ్ళు వచ్చేదాక పోసుకోవద్దు గద అత్తా.”

“బయటికి పోలే బిడ్డా.” అవ్వ గుమ్మం పట్టుకుంది. “సచ్చిపోయిండు. నా రాజలింగు సచ్చిపోయిండు. మనం సూడలే గని, సచ్చిపోయిండు.”

ఆ మాట ఆమె నోట అంతవరకు రాలేదు. దినాలు చేసినప్పుడు కూడా రాలేదు.

“ఆ దినం నీళ్ళు పోసింది నేను. నువ్వు ఆపుదమంటివి. నేనే ఇనలే. ఇయ్యాల గూడ నేనే పోస్తా. వచ్చి కూసో.”

వదినె కూర్చుంది. మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుంది. అవ్వ చెంబు ఎత్తింది. మొదటి నీళ్ళు పడగానే వదినె ఒళ్ళంతా ఒక్కసారి అదిరింది. నీళ్ళు కాఫీ రంగులో బండ మీదికి దిగాయి. నేను రసం పోస్తుంటే అవ్వ రుద్దింది, నేను పాయలు విడదీశాను. మందారాకు జారుడుకు పక్క పాయలు ఒక్కొక్కటే వదిలాయి. మళ్ళీ నూనె, మళ్ళీ రసం, మళ్ళీ నీళ్ళు. కుంకుళ్ళు అయిపోతే ఉన్న పెంకులనే మళ్ళీ పిసికాను. మెడ వెనక గడ్డ మాత్రం వదలలేదు. లోపల రాయిలా ఉంది. దాని కింద చర్మం పుండు పడి ఉంది.

“కత్తెర తే” అంది అవ్వ.

నేను కదలలేదు. కత్తెర పెడితే కళ్ళు పోతాయన్న మాట నేను నమ్మను. అవ్వ నమ్ముతుంది. నిండా నమ్ముతుంది.

“తే, పోరి!”

తెచ్చి ఇచ్చాను. అవ్వ కత్తెర అందుకుంది. పైకి చూసింది. “తల్లీ ఎల్లమ్మా, పట్టుకుంటే నన్ను పట్టుకో. గీ పిల్లను ఇడువు” అంది. కోసింది. పిక్కల దాకా ఉన్న జుట్టులో భుజాల వరకే మిగిలింది. కిందపడ్డ దాన్ని వదినె చూడలేదు.

రసం కారి ఆమె కళ్ళలో పడింది. “మండుతున్నదత్తా” అంది. కుంకుడు రసం కళ్ళలో పడితే మేము నోట్లో ఉప్పు గల్లు వేస్తాం, మంట తగ్గుతుందని. అవ్వ లోపలికి ఉరికి ఉప్పు గల్లు తెచ్చి కోడలి నోట్లో పెట్టింది. వదినె దాన్ని చప్పరిస్తూ, “మండుతున్నది, మండుతున్నది” అని చిన్నపిల్లలా ఏడవడం మొదలుపెట్టింది. కళ్ళు కడిగినా ఆగలేదు. అన్న పోయినప్పటి నుంచి ఆమె ఏడవడం అదే మొదలు. అవ్వ బండ పక్కన తడిలోనే కూలబడి, ఆ తలను ఒళ్ళోకి తీసుకుంది. నేను మిగిలిన నీళ్ళు ముందు అవ్వ తల మీద, తర్వాత నా తల మీద పోశాను. ఎవరూ చెప్పలేదు నాకు. పోయాలనిపించింది, పోశాను.

మంచం మీద నాయిన దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు.

మర్నాడు పొద్దున కర్ఫ్యూ కాసేపు సడలించారు. బుచ్చవ్వ బండారి పళ్ళెం పట్టుకుని, బోనాల ముచ్చట మాట్లాడదామని వచ్చింది. మా వాకిట్లో అవ్వ, వదినె, నేను కూర్చుని ఉన్నాం. నూనె లేకుండా, జడ లేకుండా, ముగ్గురి తలలూ విరబోసి ఉన్నాయి. అప్పుడే పీనుగ లేచిన ఇంట్లో ఉన్నట్టున్నాం. బుచ్చవ్వ వదినె భుజాల వంక చూసింది, అవ్వ తల వంక చూసింది. పళ్ళెం చేతిలోనే ఉంది. ఆ ఇంట్లో ఎవరు పోయారో బస్తీకంతా తెలిసి నెలలైంది. అయినా ఆ మూడు తలలు చూసేసరికి ఆమె నోట ఆ మాటే వచ్చింది.

“అయ్యో, ఎవరు పోయిన్రే లింగమ్మా?”

“నా కొడుకు” అంది అవ్వ.